సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనేముందు ఇంజన్‌నూ వారంటీ కాగితాన్నీ ఎట్లా తూకం వేయాలి

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. హైదరాబాద్ నుంచి హన్మకొండకు వస్తున్నాను. స్టేషన్ ఘనపూర్ దాటాక డాష్‌బోర్డులో ఎర్రగా థర్మామీటర్ గుర్తు వెలిగింది. చింతచెట్టు నీడకు ఆపి బానెట్ ఎత్తాను. వాటర్ పంపు పక్కన గులాబీ రంగు మరక, ఆరిపోయిన పాకం లెక్క గట్టిగా పేరుకుని ఉంది. కూలెంట్ నెలల తరబడి చుక్కచుక్కగా కారితే తప్ప అట్లా పేరుకోదు. అంటే నేను ఆ కారు కొన్ననాడే ఆ మరక అక్కడ ఉంది. ఆ రోజు నా కళ్ళు రంగు మీద, అలాయ్ వీల్స్ మీద ఉన్నాయి.

వారంటీ ఉంది కదా అనే ధైర్యంతో ఫోన్ చేశాను. "పంపు వరకు కవర్ అయితది సార్, వేడికి పోయిన హెడ్ గ్యాస్కెట్ మాత్రం కాదు" అన్నారు. హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య బిగించే సీలు. ఇంటికొచ్చి కాగితం తీస్తే ఏడో పేజీలో ఆ మాట ఉండనే ఉంది: ఒక భాగం చెడిపోవడం వల్ల ఇంకో భాగానికి జరిగే నష్టం ఈ వారంటీ కిందికి రాదు. కొనేముందు ఆ పేజీ చదివి ఉంటే బేరం ఇంకో రకంగా సాగేది.

అప్పటి నుంచి తెలిసినవాళ్ళెవరు ఇటువంటి కారు చూడటానికి పోయినా వెంట పోతున్నాను. ఆ తిరుగుళ్ళలో నేర్చుకున్నదే ఈ మార్గదర్శి. అడుగుల వరుస మార్చకండి. ముందు డబ్బు లెక్క, తర్వాత మోడల్, తర్వాత కాగితాలు, ఆ తర్వాతే కారు దగ్గరికి పోవాలి. కారును ముందు చూస్తే మనసు దాని మీద పడుతుంది, ఇక కాగితాల్లోని తప్పులు చిన్నగా కనబడతాయి.

మొదటి అడుగు: ఒక్క పెద్ద రిపేరు లెక్క

మామూలు కారు చిన్న చిన్న ఖర్చులు పెట్టిస్తూ నడుస్తుంది. స్పోర్ట్స్ కారు రెండేళ్ళు పైసా అడగకుండా నడిచి, ఒకేసారి గేర్‌బాక్స్ రూపంలో మొత్తం అడుగుతుంది. పైగా కారు ధర పడిపోతుంది కానీ దాని పార్టుల ధర పడిపోదు. కొత్తలో 80 లక్షలున్న కారు పదేళ్ళకు 25 లక్షలకు దొరకొచ్చు. దాని టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం), బ్రేక్ డిస్కులు, గేర్‌బాక్స్ మాత్రం ఇప్పటికీ 80 లక్షల కారువే.

అందుకని కారు చూడకముందే ఒక పని చేయండి. ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ పార్టుల విభాగానికి ఫోన్ చేసి, మీరు అనుకుంటున్న మోడల్, సంవత్సరం చెప్పి మూడు ధరలు అడగండి: గేర్‌బాక్స్‌లోని క్లచ్ ప్యాక్ లేదా మెకట్రానిక్ యూనిట్ (గేర్లు మార్చే కంప్యూటర్ భాగం), టర్బో, ముందు చక్రాల డిస్కులూ ప్యాడ్లూ కలిపి. ధరతో పాటు పార్టు వచ్చేందుకు ఎన్ని రోజులు పడుతుందో కూడా అడగండి. ఆ మూడింటిలో పెద్ద అంకె రేపు పొద్దున మీ ముందుకొస్తే అప్పు చేయకుండా కట్టగలరా? కట్టలేకపోతే ఒక మెట్టు కిందికి దిగండి. చేతిలో 30 లక్షలుంటే 24 లక్షల కారు చూడండి. మిగిలిన ఆరు లక్షలు కారుకు సంబంధించినవే, బ్యాంకులో ఉంటాయి, అంతే. నా అనుభవంలో అన్నిటికన్నా గట్టి వారంటీ ఇదే.

రెండో అడుగు: ఇంజన్ పుట్టుక తెలుసుకోవడం

ఏ కంపెనీ మంచిది అనే చర్చ పక్కన పెట్టండి. ఒకే కంపెనీలో ఒక ఇంజన్ రాయిలా నిలబడుతుంది, ఇంకోటి మధ్యలో మొండికేస్తుంది. మోడల్ పేరు కన్నా ఇంజన్ కోడ్, తయారైన సంవత్సరం ముఖ్యం.

పోర్షే ఉదాహరణ చూడండి. 2009 మోడల్‌కు ముందు వచ్చిన బాక్స్‌టర్, కేమన్, మామూలు 911 కార్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అనే చిన్న భాగం ఉండేది. అది విరిగితే ఇంజన్ మొత్తం పోతుంది. 2009 నుంచి వచ్చిన కొత్త ఇంజన్‌లో ఆ షాఫ్టే లేదు. బయటికి దాదాపు ఒకేలా కనిపించే రెండు కార్ల మధ్య తేడా అంత ఉంది. పాతది తక్కువకు వస్తున్నదని ఎవరైనా అంటే, ఆ బేరింగ్ మార్చారా, మార్చిన బిల్లు ఉందా అన్నదే మొదటి ప్రశ్న.

బీఎండబ్ల్యూలో 2007 నుంచి 2013 వరకు వచ్చిన వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఎం3లో కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కడ్డీ) బేరింగులు ముందుగానే అరిగిపోతాయన్న పేరుంది. ఎన్20 అనే నాలుగు సిలిండర్ల టర్బో ఇంజన్‌లో 2015కు ముందు వాటికి టైమింగ్ చెయిన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేట్టు తిప్పే గొలుసు) గైడ్లు బలహీనం. అదే కంపెనీ బీ58 అనే ఆరు సిలిండర్ల ఇంజన్‌కు మంచి పేరుంది. 2021 నుంచి చెన్నైలో అసెంబుల్ చేస్తున్న ఎం340ఐలో ఉన్నది అదే. ఇక్కడే అసెంబుల్ అయ్యే కారుకు పార్టులు దొరకడం కొంత తేలిక. నిఖార్సైన స్పోర్ట్స్ కారు కాదని ఎవరైనా అన్నా, వరంగల్‌లో ఉండి రోజూ నడుపుకోవాలనుకునే వాళ్ళకు నేను మొదట చెప్పే పేరు అదే.

ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఈఏ888 ఇంజన్ మన దగ్గర చాలా కార్లలో ఉంది. 2016లో 99 మాత్రమే వచ్చిన పోలో జీటీఐ, 2017లో వచ్చిన ఆక్టేవియా ఆర్‌ఎస్, ఆడీ టీటీ. మొదటి తరాల్లో ఆయిల్ ఎక్కువ తాగడం, టైమింగ్ చెయిన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ బలహీనత. మూడో తరంలో ఆ రెండూ బాగా తగ్గాయి కానీ ప్లాస్టిక్ వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర లీకులు వస్తాయి. టార్చి వేసి అక్కడ చూడండి, గులాబీ మరక కనిపిస్తే పట్టుకున్నట్టే. ఇక పాత 1.2 లీటర్ల పోలో జీటీ టీఎస్‌ఐలో ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, డ్రై అంటే ఆయిల్‌లో మునగని క్లచ్) ఉంటుంది. వేడి, ట్రాఫిక్ దానికి పడవు. మన ఎండాకాలంలో నయీంనగర్ నుంచి చౌరస్తా దాకా సాయంత్రం పూట ఫస్ట్, సెకండ్ గేర్లలో పాకించి చూస్తే దాని ఆరోగ్యం బయటపడుతుంది.

మస్టాంగ్ ఇష్టపడే కుర్రాళ్ళు మన దగ్గర చాలామంది. 2016లో ఇండియాకు వచ్చిన 5 లీటర్ల వీ8 దృఢమైన ఇంజనే. సంగతి వేరే చోట ఉంది: 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. సర్వీసు కొనసాగుతున్నా, పార్టు కోసం ఎన్ని వారాలు ఆగాలో ముందే కనుక్కోవాలి. కారు చెడిపోవడం ఒక బాధ, చెడిపోయి మూడు నెలలు షెడ్డులో ఉండటం ఇంకో బాధ. నమ్మకాన్ని లెక్కించేటప్పుడు రెండోదాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ మాత్రమే ఉన్న ఇంజన్లలో, గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది. అక్రోటు పెంకుల పొడిని ఒత్తిడితో కొట్టి దాన్ని శుభ్రం చేస్తారు. 60, 70 వేల కిలోమీటర్లు దాటిన కారైతే ఆ పని జరిగిందా అని అడగండి. జరగకపోతే ఆ ఖర్చు బేరంలో తగ్గించమనవచ్చు.

ఇంకొకటి, పెట్రోలు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో చాలావాటిని 20 శాతం ఇథనాల్ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని తయారు చేయలేదు. ట్యాంకు మూత లోపలి స్టిక్కర్ మీద ఈ10 అనో ఈ20 అనో, ఎంత ఆక్టేన్ కావాలో రాసి ఉంటుంది. ఫోటో తీసుకోండి. ఇంధనం వల్ల వచ్చిన లోపం వారంటీలో వస్తుందా రాదా అన్న ప్రశ్న తర్వాత ఈ ఫోటోతోనే అడగాలి.

మూడో అడుగు: కారు కన్నా ముందు కాగితాలు

అమ్మే మనిషిని వాట్సాప్‌లో నాలుగు అడగండి: ఆర్‌సీ, ఇన్సూరెన్స్ పాలసీ, సర్వీసు బిల్లులు, ఛాసిస్ నంబరు ఫోటో. 17 అక్షరాల ఛాసిస్ నంబరు పంపడానికి వెనకాడే మనిషి కారును చూడటానికి పోయే అవసరం లేదు.

ఆ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసు జరిగిందో చాలాసార్లు చెబుతారు. వాళ్ళు చెప్పకపోతే ఓనర్‌నే ఆ వివరాలు తీసుకుని పంపమనండి. స్పోర్ట్స్ కారు తక్కువ తిరుగుతుంది కాబట్టి కిలోమీటర్ల కన్నా తేదీలు చూడాలి. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగిన కారుకైనా ఏడాదికోసారి ఆయిల్ మార్చాలి, బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాలి. "ఎక్కువ తిరగలేదు సార్, అందుకే సర్వీసు చేయించలేదు" అనేది మంచి మాటగా చెబుతారు. వారంటీ ఇచ్చే కంపెనీకి మాత్రం అది క్లెయిమ్ తిప్పికొట్టడానికి సరిపోయే కారణం. ఆరు గేర్ల వెట్ క్లచ్ డీఎస్‌జీ అయితే 60 వేల కిలోమీటర్లకు గేర్ ఆయిల్ మార్చిన బిల్లు ఉండాలి. బీఎండబ్ల్యూలు వాడే ఎనిమిది గేర్ల జెడ్ఎఫ్ గేర్‌బాక్స్‌ను "జీవితాంతం ఆయిల్ మార్చక్కర్లేదు" అంటారు కానీ, దాన్ని తయారు చేసిన జెడ్ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది.

ఇతర రాష్ట్రాల కారైతే జాగ్రత్త రెట్టింపు. మంచి స్పోర్ట్స్ కార్లు ఎక్కువగా ఢిల్లీ, ముంబై, బెంగళూరు నుంచే వస్తాయి. ఢిల్లీ ప్రాంతంలో 15 ఏళ్ళు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షలు పెట్టడంతో ఆ వయసుకు దగ్గర పడ్డవి అక్కడ చవకగా దొరుకుతూ వచ్చాయి. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రం కారును ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే కొత్త రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. దానికి లైఫ్ ట్యాక్స్ ఇక్కడ మళ్ళీ కట్టాలి, ఖరీదైన కారుకు అది లక్షల్లో ఉంటుంది. ఆర్‌టీఏ ఆఫీసులో ఆ మొత్తం కనుక్కున్నాకే ధర మాట్లాడండి. "చవకగా వచ్చింది" అనుకున్న కారు ట్యాక్సుతో కలిపి హైదరాబాద్ కారు ధర దాటిపోవడం నేను చూశాను.

విదేశం నుంచి నేరుగా దిగుమతైన కారయితే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ, సుంకం కట్టిన రసీదు ఉండాలి. అవి లేకపోతే ఎంత మంచి కారైనా వదిలేయండి. సుంకం ఎగ్గొట్టిన కారును అధికారులు పట్టుకుపోతే, ఏ వారంటీ మీ డబ్బును వెనక్కి తేదు.

నాలుగో అడుగు: పొద్దున ఆరు గంటలకు, చల్లటి ఇంజన్

నేను ఏ కారు చూడటానికి పోయినా ఆటోనగర్‌లోని మా మెకానిక్ కాకాను వెంట తీసుకుపోతాను. ఆయన మొదటి షరతు ఒకటే: "పొద్దుగాల్నే పోదాం బిడ్డా. మేం వచ్చేదాంక బండి స్టార్ట్ చెయ్యొద్దని ముందుగాల్నే చెప్పు." పోగానే బానెట్ ఎత్తించి ఇంజన్ మీద అరచేయి పెడతాడు. ఒకసారి కరీంనగర్‌లో అట్లనే పెట్టి, ఏం మాట్లాడకుండా నా వంక చూశాడు. ఇంజన్ గోరువెచ్చగా ఉంది. "గీ బండికి పొద్దుగాల స్టార్టింగ్‌ల ఏదో కథ ఉన్నది, సల్లారినంక మళ్ళ వద్దాం" అన్నాడు. మర్నాడు చెప్పకుండా పోయాం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే మూడు నాలుగు సెకన్లు గొలుసు దులిపినట్టు టకటక శబ్దం వచ్చి ఆగిపోయింది. అది టైమింగ్ చెయిన్ శబ్దం. వేడి ఇంజన్‌లో మామూలుగా వినబడదు.

స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు వెనక నిలబడి పొగ చూడాలి. చల్లటి ఉదయం తెల్ల ఆవిరి మామూలే, కాసేపటికి పోతుంది. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు. తెల్ల పొగ పోకుండా తియ్యటి వాసనతో వస్తూనే ఉంటే కూలెంట్ మండుతున్నట్టు.

తర్వాత రంగు. పెయింట్ మందం కొలిచే చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి, అల్యూమినియం మీద కూడా పనిచేసేది. కంపెనీ పెయింట్ దాదాపు 100 నుంచి 160 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 300 దాటితే మళ్ళీ రంగు వేసినట్టు, వెయ్యి దాటితే కింద లప్పం ఉన్నట్టు. బంపర్ మీద కొత్త రంగు చూసి భయపడకండి. కరీంనగర్ రోడ్డులో గ్రానైట్ లారీల వెనక తిరిగే ఏ కారుకైనా ముందు భాగంలో రాళ్ళ దెబ్బలు తప్పవు. రూఫ్, తలుపుల మధ్య స్తంభాలు, డిక్కీ నేల మీద లప్పం కనిపిస్తే మాత్రం వెనక్కి తిరగండి.

వరద నీళ్ళలో మునిగిన కారును పట్టుకోవడం నేర్చుకోండి. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2023 జులైలో మన వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగాయి. ఆ నీళ్ళలో నిలబడ్డ కార్లు తర్వాత మెరుపుతో మార్కెట్‌కు వస్తాయి. కార్పెట్లు మారుస్తారు, సీట్లు కడుగుతారు. సీటు బెల్టును మాత్రం చివరిదాకా లాగి చూడరు. మీరు లాగండి. చుట్ట లోపలి చివరి అడుగు మీద బురద గీత ఉంటే ఆ కారు కథ అక్కడే తెలిసిపోతుంది. సీటు కింది బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంటలో సన్నటి ఒండ్రు కూడా చూడండి. ఇటువంటి కారులో ఇరవై ముప్పై కంప్యూటర్ యూనిట్లు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో నెలలో చెడిపోతుంది, ఏదీ వారంటీలో రాదు.

కింద పడుకుని చూడటం తప్పనిసరి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన ఊళ్ళల్లో కనిపించేవి సన్నగా, నిటారుగా ఉంటాయి. కింద తగిలిన కారుకు ముందు లిప్ (బంపర్ కింది అంచు), ఆయిల్ సంప్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి), కింది ప్లాస్టిక్ పళ్ళెం గీరుకుని ఉంటాయి. గీతలు పర్వాలేదు, సంప్ చుట్టూ తడి ఉంటేనే సమస్య. ఎలుకలు కొరికిన వైర్లు కూడా చూడండి. వారాల తరబడి కదలకుండా ఉండే కార్లలో ఇది నిజంగా పెద్ద బెడద.

టైర్ల మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి కాకపోతే, ఓనర్ ఖర్చు పెట్టకుండా నెట్టుకొచ్చాడని అర్థం. టైర్ల దగ్గర పిసినారితనం చూపినవాడు గేర్ ఆయిల్ దగ్గర ఉదారంగా ఉండడు.

టెస్ట్ డ్రైవ్ కనీసం గంట. ముందు ఊళ్ళో ఏసీ పెట్టి ట్రాఫిక్‌లో, తర్వాత మడికొండ దాటి హైవే మీద. తిరిగొచ్చాక ఏసీ ఆన్‌లోనే ఉంచి ఇరవై నిమిషాలు నిలబెట్టి టెంపరేచర్ చూడండి. వీలైతే ఎండాకాలంలోనే చూడండి. మే నెలలో 44 డిగ్రీల్లో నిలబడి వేడెక్కని కూలింగ్, చలికాలంలో ఎట్లాగూ వేడెక్కదు.

ఐదో అడుగు: స్కానర్ చెప్పే నిజం

చిన్న ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే పరికరం) పెడితే ఎర్రర్ కోడ్లు కనిపిస్తాయి. కోడ్లేవీ లేవని సంతోషపడకుండా "రెడీనెస్ మానిటర్లు" చూడండి. కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి ఇవే. అవి పూర్తి కాలేదని చూపిస్తే, ఈ మధ్యనే ఎవరో కోడ్లు చెరిపేశారు లేదా బ్యాటరీ తీశారు. వంద, రెండు వందల కిలోమీటర్లు నడిపాక మళ్ళీ స్కాన్ చేయిస్తానని అడగండి.

కంపెనీ స్కానర్‌తో ఇంకా లోతుకు పోవచ్చు. పోర్షేలో ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో నమోదై ఉంటుంది. కిలోమీటర్లను ఆ గంటలతో భాగించండి. 27 వేల కిలోమీటర్లు, 900 గంటలు అంటే సగటున గంటకు 30. మామూలే. 18 వేల కిలోమీటర్లకే 900 గంటలుంటే సగటు 20. మొత్తం ట్రాఫిక్‌లో నడిచి ఉండాలి, లేదా మీటర్ తిప్పి ఉండాలి. "వీకెండ్ హైవే మీదే తీశాం" అని ఓనర్ అన్నాక ఈ అంకె కనబడితే ఇక మాట్లాడే పని లేదు. మాన్యువల్ గేర్ పోర్షే అయితే ఇంజన్ పరిమితి దాటి ఎన్నిసార్లు తిరిగిందో కూడా శ్రేణుల వారీగా రికార్డవుతుంది. పై శ్రేణుల్లో లెక్కలుంటే ఎవరో పెద్ద వేగంలో తప్పు గేరు వేశారని.

మరో ముఖ్యమైన ప్రశ్న: ఈసీయూ రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేశారా? అమ్మేముందు మళ్ళీ పాత సాఫ్ట్‌వేర్ పెట్టిస్తారు కానీ, కంపెనీ స్కానర్ ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో చాలాసార్లు పసిగడుతుంది. రీమ్యాప్ మీరు చేయించకపోయినా, పోయేది మీ వారంటీయే.

ఈ పరీక్షకు మీ ఖర్చుతో కారును హైదరాబాద్ అధీకృత సెంటర్‌కో, ఆ కంపెనీ కార్లు మాత్రమే చేసే స్పెషలిస్టు దగ్గరికో తీసుకుపోవాలి. మనకు నూట నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఒక రోజు పోతుంది. కాకా చేయి, చెవి చాలా చెబుతాయి, కంపెనీ కంప్యూటర్ చెప్పేది ఆయన కూడా చెప్పలేనని తనే అంటాడు. రిపోర్టు రాతపూర్వకంగా తీసుకోండి. కొన్న రోజు కారు ఏ స్థితిలో ఉందో చెప్పే సాక్ష్యం అదే. "లోపం ముందునుంచే ఉన్నది" అని వారంటీ వాళ్ళు అన్నప్పుడు అది చేతిలో ఉండాలి. నా దగ్గర ఆ రోజు అది లేదు.

ఆరో అడుగు: వారంటీ కాగితాన్ని వెనక నుంచి చదవండి

మన మార్కెట్‌లో వారంటీ నాలుగు రకాలుగా వస్తుంది.

మొదటిది కొత్త కారుకు కంపెనీ ఇచ్చినదాంట్లో మిగిలింది. అది కారు మొదటిసారి అమ్ముడైన తేదీ నుంచి లెక్క, మీరు కొన్న తేదీ నుంచి కాదు. ఛాసిస్ నంబరుతో "ఇవాళ ఈ కారు మీద వారంటీ నడుస్తున్నదా, ఏ తేదీ వరకు, పెండింగ్ రీకాల్స్ ఏమన్నా ఉన్నాయా" అని సర్వీస్ సెంటర్ నుంచి ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. పాత ఓనర్ కొన్న ఎక్స్‌టెండెడ్ వారంటీ అయితే మీ పేరు మీదికి మార్చడానికి గడువు, ఫీజు ఉంటాయి. మార్చకపోతే ఉన్నా లేనట్టే.

రెండోది కంపెనీయే తనిఖీ చేసి అమ్మే పాత కార్ల మీద ఇచ్చేది. పోర్షే అప్రూవ్డ్ 111 అంశాల తనిఖీ ఇటువంటిదే. బీఎండబ్ల్యూ, ఆడీ, మెర్సిడెస్‌లకు కూడా ఇటువంటి పథకాలున్నాయి. ధర ఎక్కువ, కానీ రిపేరు చేసేది, డబ్బు భరించేది ఒకే గొడుగు కింద ఉంటాయి. మొదటిసారి కొనేవాళ్ళకు ఆ అదనపు ధర తగినదే అని నా అభిప్రాయం.

మూడోది డీలరో, వేరే సంస్థో ఇచ్చేది. నన్ను దెబ్బతీసింది ఇదే. ఇది అసలు ఇన్సూరెన్స్ లాంటిది, చివరి పేజీల్లోని మినహాయింపులతో మొదలుపెట్టి చదవాలి. "ఇక్కడ రాసిన భాగాలే కవర్" అని ఉందా, "ఇక్కడ రాసినవి తప్ప అన్నీ కవర్" అని ఉందా? రెండు వాక్యాల మధ్య లక్షల తేడా ఉంది. తర్వాత ఇవి వెతకండి: ఒక్కో క్లెయిమ్‌కు గరిష్ఠం ఎంత, మొత్తం మీద ఎంత. గేర్‌బాక్స్ ఆరు లక్షలై, క్లెయిమ్ పరిమితి లక్షన్నర అయితే ఆ వారంటీ విలువ లక్షన్నరే. కొన్న తర్వాత మొదటి ఎన్ని రోజులు క్లెయిమ్ చేయకూడదు. ఇంజన్ విప్పి చూసే ఖర్చు ఎవరిది, విప్పాక "కవర్ కాదు" అంటే బిగించే ఖర్చు ఎవరిది. లేబర్ కలిసిందా. పార్టు వయసును బట్టి మీకొచ్చే మొత్తంలో కోత పెడతారా. ఎక్కడ రిపేరు చేయించాలి, అక్కడిదాకా ఫ్లాట్‌బెడ్ ఖర్చు ఎన్ని కిలోమీటర్ల వరకు ఇస్తారు. వరంగల్ వాళ్ళకు ఈ చివరిది ప్రాణం. టోయింగ్ 50 కిలోమీటర్ల వరకే అని రాసి ఉంటే జనగామ కూడా రాకముందే ఆ సాయం అయిపోతుంది.

బ్రేకులు, క్లచ్, టైర్లు, బ్యాటరీ వంటి అరిగే భాగాలు సాధారణంగా వారంటీలో రావు. ట్రాక్ మీద నడిపితే చెల్లదన్న షరతు దాదాపు అన్నిట్లో ఉంటుంది. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు పోయొచ్చి సోషల్ మీడియాలో వీడియో పెట్టిన పాత ఓనర్ల సంగతి కూడా చూసుకోండి.

నాలుగోది నోటిమాట. "ఏమన్నయితే నేనున్న గదన్నా" అన్నది ఎంత ప్రేమగా అన్నా, దాన్ని అగ్రిమెంట్‌లో ఒక వాక్యంగా రాయించండి. రాయడానికి ఒప్పుకోని మాటను ధరలో లెక్కవేయకండి.

చట్టం ఎక్కడ నిలబడుతుందో కూడా తెలుసుకోవాలి. డీలర్ దగ్గర కొంటే, వారంటీ ఇచ్చి మాట తప్పితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయొచ్చు. మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన ధర 50 లక్షల వరకైతే జిల్లా కమిషన్, ఆపైన రెండు కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి చూడొచ్చు. వ్యాపారం చేయని వ్యక్తి తన సొంత కారు అమ్మితే మాత్రం ఈ దారి సాధారణంగా ఉండదు. చూసి కొనుక్కోవడం కొనేవాడి బాధ్యత అన్న సూత్రం 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోనే ఉంది. అందుకే వ్యక్తి దగ్గర కొనేటప్పుడు ధర తక్కువ ఉండాలి, తనిఖీ ఎక్కువ ఉండాలి.

ఏడో అడుగు: రెండు కార్లు పక్కపక్కన పెట్టి

మొన్నీమధ్య మా బావమరిది రెండు కార్ల మధ్య ఊగిసలాడుతుంటే కాగితం మీద ఇట్లా రాశాం. ఒకే మోడల్, ఒకే ఏడాది. మొదటిది వ్యక్తి దగ్గర 26 లక్షలు, వారంటీ లేదు, సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయి. రెండోది డీలర్ దగ్గర 29 లక్షలు, ఏడాది వారంటీ, క్లెయిమ్ పరిమితి రెండు లక్షలు, మధ్యలో రెండేళ్ళ సర్వీసు రికార్డు లేదు. "వారంటీ ఉన్నదే తీసుకుంట బావా" అన్నాడు. మూడు లక్షలు ఎక్కువ పెట్టి, మహా అయితే రెండు లక్షలు వెనక్కి వచ్చే హామీ కొంటున్నావని చూపించాను. పైగా ఆ రెండేళ్ళ ఖాళీని చూపించి ఆ హామీని కూడా కాదనవచ్చు. మొదటి కారును తనిఖీ చేయించి, మూడు లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేశాడు. అదే రెండో కారు కంపెనీ అప్రూవ్డ్ అయి, పరిమితి లేని వారంటీ ఉండి ఉంటే నేనే అటు వైపు నెట్టేవాణ్ణి.

ఎనిమిదో అడుగు: డబ్బు, బదిలీ

బయానా ఇచ్చేటప్పుడే "తనిఖీలో లోపం తేలితే వాపసు" అని రాయించండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. బదిలీకి ఫారం 29, 30, లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం)తో ఫారం 35, వేరే రాష్ట్రమైతే అక్కడి ఆర్‌టీఏ ఎన్‌ఓసీకి ఫారం 28 కావాలి. కొన్న 30 రోజుల్లోపు ఆర్‌సీ బదిలీకి దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్పించుకోండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, కాబట్టి ప్రీమియం పెరుగుతుంది. ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ తీసుకోండి. వానాకాలంలో హంటర్ రోడ్డు నీళ్ళలో ఇంజన్ నీళ్ళు తాగితే మామూలు పాలసీ ఆదుకోదు.

తొమ్మిదో అడుగు: మొదటి నెల

కొన్న వారంలోపే అన్ని ఆయిళ్ళూ మార్పించండి, ఓనర్ "మొన్ననే మార్చిన" అన్నా సరే. ఇంజన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, గడువు దగ్గర పడితే గేర్ ఆయిల్. వారంటీ ఉంటే వాళ్ళు చెప్పిన చోటే, వాళ్ళు చెప్పిన గ్రేడ్‌తోనే చేయించండి. బిల్లు మీద కిలోమీటర్లు, ఛాసిస్ నంబరు పడేట్టు చూడండి. సర్వీసు తేదీలు ఫోన్ క్యాలెండర్‌లో పదిహేను రోజుల ముందుకే గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే హైదరాబాద్‌లో స్లాట్ దొరకాలి, మనకు సెలవు దొరకాలి.

పాత ఆయిల్ దించేటప్పుడు షెడ్డులోనే నిలబడండి. ఫిల్టర్ కోసి మడతలు విప్పమనండి. టార్చి వెలుగులో మడతల మధ్య మెరిసే రజను కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయి, ఆ రోజే ఫోటో తీసి వారంటీ వాళ్ళకు పంపండి. నల్లటి ఆయిల్ తప్ప ఏమీ లేకపోతే, కాకా దాన్ని వేళ్ళ మధ్య రుద్ది చూసి, చేతులు తుడుచుకుని "ఇగ తోలుకో బిడ్డా" అంటాడు.